దుకాణం పెంచెయ్

“దుకాణం పెంచెయ్, లల్లన్” అన్నాడు చీరల వ్యాపారి బదరీ సేఠ్, పొద్దున్నే.

బనారస్ బజారులో ‘మూసెయ్’ అనే మాట ఎవరూ నోట రానివ్వరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయన్నట్టు, తలుపులు వేసే వేళ ‘పెంచెయ్’ అంటారు. కానీ అప్పుడే కదా కొట్టు తెరిచింది! పక్క గది కూడా తీసుకుని తనను అక్కడ కూర్చోబెడతాడని ఏళ్లుగా ఆశపడుతున్న గుమాస్తా లల్లన్, నిజంగానే పెంచమంటున్నాడనుకుని సేఠ్ కాళ్లకు మొక్కి, సొంత డబ్బుతో వీధంతా జిలేబీ పంచాడు.

సేఠ్ ఆపలేదు. తనూ ఒకటి తిని, వేళ్లు తుడుచుకున్నాడు.

“తాళాలు ఇలా ఇవ్వు బేటా. ఈ కొట్టు అమ్మేశాను. వేరేచోట కొత్తది తీసుకున్నాను, అది మా అల్లుడు చూసుకుంటాడు.”

“మరి నేను, సేఠ్‌జీ?”

“అక్కడ ఏదో ఒక పని ఉండకపోదులే.”

కొత్త కొట్టులో గుమాస్తాలందరినీ కూర్చోబెట్టి, వ్యాపారం నేర్పడానికి సేఠ్ మొదటి నీతికథ చెప్పాడు.

“అనగనగా ఒక గాడిద. యజమాని దుకాణం పెంచెయ్యమంటే మిఠాయి పంచింది. ఇందులో నీతేంటి?”

“యజమాని మాట చెవితో వినాలి సేఠ్‌జీ, ఆశతో కాదు” అన్నాడొక గుమాస్తా.

అందరూ నవ్వారు.

“శభాష్. వీడికి ఇంకో టీ పొయ్, లల్లన్.”