పలచబడ్డ పొర

"రేపట్నుంచి మీరు రోగులకు చీటీలిచ్చే బల్ల దగ్గర కూర్చోండి," అన్నాడు పెద్ద డాక్టరు, కోటు జేబులోంచి చిన్న సీసా తీసి కళ్లలో చెరో చుక్క వేసుకుంటూ. గది చల్లదనానికి ఆయన కళ్లు ఊరికే పొడిబారతాయట.

సోడాబుడ్డి కదల్లేదు. కంటి ఆసుపత్రిలో అందరూ ఆమెను పిలిచే పేరు అదే. అద్దాల మందం చూసి ఎవరో పెడితే అతుక్కుపోయింది, ఇప్పుడు ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది. పన్నెండేళ్లుగా స్కాన్ గది ఆమెదే. దగ్గరివి తప్ప ఏమీ కనపడని వాళ్లకు కనుగుడ్డు వెనక్కి సాగిపోయి ఉంటుంది. స్కాన్‌లో దాని పొరలు వంగిపోయి, ఒక్కోసారి తలకిందులుగా కూడా పడతాయి. మిగతావాళ్లు రెండుసార్లు చూసి చేతులెత్తేస్తారు. ఈవిడ మాత్రం రోగి గడ్డాన్ని వెంట్రుకవాసి జరిపి, అన్నిటికంటే బయట ఉండే తెల్లటి గోడ దాకా తీసి చూపిస్తుంది. ఆ పనంటే ఆమెకు ప్రాణం.

కొత్తగా వచ్చిన ఈ డాక్టరుకు అవేం పట్టలేదు. వస్తూనే కొత్త యంత్రం తెప్పించాడు. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించి, కుర్చీలో కూర్చుని, గడ్డం ఆనించి ఫొటోలకు పోజిచ్చి, అతిథులను వెంటేసుకుని టీకి వెళ్లిపోయాడు. ఇప్పుడేమో అంత మందం అద్దాలవాళ్లు దాన్ని ముట్టుకోకూడదంటాడు.

"నా పనిలో తప్పేమైనా దొరికిందా సార్?"

"పని సంగతి కాదమ్మా, కళ్ల సంగతి. మీ కంటి స్కాన్ ఉంటే పట్రండి, నేనే చూసి చెప్తా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. చూపు పోతుందని చిన్నప్పుడు తల్లి పుస్తకాలు దాచేస్తే, అటకెక్కి మరీ చదివిన మనిషి. విసురుగా బీరువా తెరిచింది. అందులో కాగితాల మీద పేర్లుండవు, మూలన తీసిన వరుస నంబరే ఉంటుంది. చదివే డాక్టరు మొహమాటపడకూడదని పాత డాక్టరు పెట్టిన పద్ధతి అది. కొత్త యంత్రం కట్టలోంచి రెండు కాగితాలు లాగి, కాసేపు చూసి, ఒకటి వెనక్కి పెట్టేసింది. రెండోది తెచ్చి ఆయన ముందు పెట్టింది.

డాక్టరు దాన్ని చూసి పెదవి విరిచాడు.

"చూశారా, బయటి గోడ ఎంత పలచబడిందో. దాని లోపలి పొరైతే దాదాపు లేనట్టే. ఇది ఎప్పుడు మొరాయిస్తుందో దేవుడికే తెలియాలి."

"అయితే ఈ కన్నున్న మనిషి ఇక్కడ పనికిరాదంటారు."

"కంటి ఆసుపత్రిలో ఏ పనికీ పనికిరాదు. చీటీల బల్లే ఎక్కువ."

తలుపు దగ్గర నిలబడ్డ పెద్ద నర్సమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సోడాబుడ్డి కంట మాత్రం తడి లేదు. ఆ మాటే రాసి సంతకం పెట్టమని అడిగింది. గొడవ ఇంత తేలిగ్గా వదిలిపోతున్నందుకు సంబరపడి, ఆయన ఆ కాగితం కిందే రాసి పరపరా సంతకం గీకేశాడు.

ఆమె కాగితం అందుకుని, అద్దాలు సర్దుకుని, మూలన ఉన్న ఒకటో నంబరు మీద వేలు పెట్టింది.

"ఇది ప్రారంభోత్సవం నాడు తీసిన స్కానండి, మీ కాంటాక్టు లెన్సుల వెనకున్న కన్ను."