మా చెత్తే!

"పార తియ్యి! ఇది మా చెత్త!"

"మీదెట్లయితది? మాది!"

సీతాఫల్‌మండి సందు మొదట్లో కుప్పకు అటొక బండి, ఇటొక బండి. రెండు మున్సిపాలిటీ ఆఫీసుల మనుషులూ పోటీపడి ఎత్తుతున్నారు.

వడ్రంగి సదాశివ నోరెళ్లబెట్టాడు. "పోలీస్ యాక్షన్‌తోటి సర్కారే మారింది గని ఈ కుప్ప కదలకపాయె. మాది కాదంటే మాది కాదని ఇద్దరూ తప్పించుకునిరి. గిప్పుడేందీ లొల్లి, పంతులమ్మా?"

కాంతమణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "చెరో ఉత్తరం రాశానండీ. పక్క ఆఫీసువాళ్లు మీ హద్దులోకొచ్చి మీ చెత్త ఎత్తుకుపోతున్నారని."

అంతలో పార తగిలి ఠంగుమంది. కుప్ప అడుగున అక్షరాలు చెక్కిన హద్దురాయి! వాదులాటలో వాళ్లింకా చూడలేదు. చూస్తే మాత్రం, తమది కాదని తేలినవాళ్లు ఎత్తిందంతా అక్కడే కుమ్మరించి పోతారు.

సదాశివ గబగబా వెళ్లి రాయి మీద తువ్వాలు పరిచి కూర్చున్నాడు. "కాళ్లు గుంజుతున్నయి. మీరు కానియ్యిండ్రి."

సందు అద్దంలా అయింది. బండ్లు రెండూ మలుపు తిరిగాయి.

"ఇక లేవండి," కాంతమణి రాయి మీదికి వంగింది. "ఎవరి హద్దో చదువుతాను."

సదాశివ కదల్లేదు.

"వద్దు పంతులమ్మా. ఎవరిదో తెల్వకుంటెనే ఇద్దరూ ఎత్తుతరు."