కీచురాయి కాలు

పెరట్లో పేరుమోసిన పాటగాడు కీచురాయి చనిపోయాక, గోరింక అతని జీవితాన్ని నాటకంగా ఆడించింది. అందులో చిన్నప్పుడే ఒక తొండ అతని కాలు కొరికేస్తుంది. ఆ బాధలోంచే పాట పుడుతుంది. చూసినవాళ్ళంతా వెక్కివెక్కి ఏడ్చారు.

కీచురాయి భార్య మాత్రం గోరింకను పక్కకు పిలిచింది.

"మా ఆయన పాడింది రెక్కలతో కదమ్మా! తొండ కాలు కొరికింది ముసలితనంలో. ఆ దెబ్బతో పాడటమే మానేశారు."

"నిజమే పిన్నీ. కానీ కాలు ముందు పోతేనే కథ రక్తి కడుతుంది. నాటకమే కదా, ఎవరికి నష్టం?" అంది గోరింక.

మర్నాడు పొద్దున్నే తొండ ఉండే కంచె దగ్గర కుర్ర కీచురాళ్ళు బారులు తీరాయి, తలా ఒక కాలు ముందుకు చాపి.

తొండ ఎవర్నీ కాదనలేదు.