తలకిందులైన అక్షరం

"చదివి అవునో కాదో ఒక్క మాట చెప్పండి పెద్దాయనా. ఐదింటికల్లా ఈ పేజీ ప్రెస్సుకు వెళ్లిపోవాలి," అన్నారు చరిత్రగారు, గడియారం చూసుకుంటూ.

ప్రచురణ ఆఫీసులో అందరూ ఆయనకు పెట్టుకున్న పేరది. దేశం నియంత చేతుల్లోంచి జనం చేతుల్లోకి ఎలా వచ్చిందో, కథ చెప్పినట్టు ఆరువందల పేజీలు రాసి పడేశారు. ప్రూఫులు దిద్దింది ఈ ఇంటి కూతురే. అన్ని పేజీలూ చకచకా దిద్దుకుంటూ పోయిన మనిషి, రెండువందల పన్నెండో పేజీ దగ్గర టక్కున ఆగిపోయింది. అందులో ఉన్నది వాళ్ల నాన్న సంగతి.

నలభై ఏళ్ల కిందట, సబ్బుల గోదాము వెనకగదిలో ఒక దొంగచాటు ప్రెస్సు ఉండేది. నిషేధించిన పత్రిక అక్కడే అచ్చయ్యేది. సీసపు అక్షరాలు పేర్చేవాళ్లు ఇద్దరు. ఒకరు నాన్న, రెండోవాడు ఆయన ప్రాణస్నేహితుడు, కూతురు బాబాయి అని పిలిచే మనిషి. అమ్మ రోజూ క్యారియర్ తీసుకెళ్లి, వాళ్లు పని ముగించి తినేదాకా అక్షరాల పేర్పు చూస్తూ అక్కడే కూర్చునేది. ఒకరోజు మధ్యాహ్నం పోలీసులు విరుచుకుపడ్డారు. నలుగురు దొరికారు, అందులో ఇద్దరు జైల్లోంచి శవాలై బయటికొచ్చారు. ఆ పూట ప్రెస్సులో లేనిది నాన్న, బాబాయి. అమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొస్తే నాన్న ఆసుపత్రికి పరిగెత్తాడు. అవి ఉత్తుత్తి నొప్పులని డాక్టరు తిప్పి పంపేశాడు. కూతురు పుట్టింది మరో రెండు నెలలకు. బాబాయేమో కాగితం కొనడానికి వెళ్లానన్నాడు.

ఆ మాట ఎవరూ నమ్మలేదు. నాన్న అసలే నమ్మలేదు. బాబాయి ఎదురుపడితే రోడ్డు దాటి అటు వెళ్లిపోయేవాడు. బాబాయి పోయినప్పుడు చివరిచూపుకు కూడా వెళ్లలేదు.

"ఇన్నాళ్లూ అనుమానమే. ఇప్పుడు రుజువు దొరికింది," అన్నారు చరిత్రగారు. "పాత పోలీసు ఫైళ్లు ఈ ఏడే తెరిచారు. ఆచూకీ చెప్పిన చీటీ ఇదిగో. రాత గుర్తుపడతారని అచ్చేసి పంపాడు. అంటే పేర్చడం తెలిసినవాడు. మీరెలాగూ కాదు. ఇక మిగిలిందెవరు?"

"సార్, బాబాయి కూతురు హెడ్‌మిస్ట్రెస్ అయి వారం కాలేదు," అంది కూతురు. "పిన్ని ఇంకా బతికే ఉంది. ఇన్నాళ్లూ గుసగుసలు భరించారు. అచ్చులో పడితే రేపు వీధిలోకి ఎలా వస్తారు?"

"చరిత్రకు మొహమాటాలు ఉండవమ్మా."

అమ్మ టీ గ్లాసులు తెచ్చి బల్లమీద పెట్టింది. నాన్న భూతద్దం తీసుకుని చీటీ నకలు మీదికి వంగాడు. మొదటి వరుస చదివాడు, రెండో వరుస చదివాడు. భూతద్దం అక్కడే ఆగిపోయింది. 

"నువ్వు లోపలికి వెళ్లు," అన్నాడు అమ్మతో.

అమ్మ కదల్లేదు.

"వెళ్లమన్నానా!"

నాన్న అమ్మమీద గొంతెత్తడం కూతురు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. అమ్మ పరదా అవతలికి వెళ్లిపోయింది.

"రాసుకోండి," అన్నాడు నాన్న. "ఆ చీటీ పేర్చింది నేను."

"నాన్నా! మతిగానీ పోయిందా నీకు?"

చరిత్రగారు కళ్లజోడు తీసేశారు. "పెద్దాయనా, పోయిన స్నేహితుడిమీద జాలితో అంటున్నారేమో. ఉత్త మాట నాకు పనికిరాదు."

"చీటీలో 'న' చూడండి. మూడుచోట్ల ఉంది, మూడుచోట్లా తలకిందులు. సీసపు అక్షరం అద్దంలో బొమ్మలా కనిపిస్తుంది, ఏది పైనో ఏది కిందో పొరబడతాం. వాడైతే కళ్లకు గంతలు కట్టినా పొరబడడు."

"మీరు పొరబడతారా?"

"ఆ గోడమీద చూడండి."

గోడమీద, చట్రంలో, ఇంట్లో మిగిలిన సీసపు అక్షరాలతో అచ్చేసిన, కూతురు పుట్టిన కబురు కార్డు ఉంది. 'మా ఇంట పాప పుట్టినదని ఆనందంతో తెలుపుతున్నాము.' అందులో ప్రతి 'న' తలకిందులే. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా ఎగతాళి చేస్తే, "సంతోషంలో కాళ్లూ చేతులూ ఆడలేదండీ, నాదే తప్పు!" అని నాన్న పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు వింటూనే ఆమె పెరిగింది.

కార్డు దింపి చీటీ పక్కన పెట్టింది. రెండూ ఒకే చేతిపని. అందులో అనుమానమే లేదు.

"నలభై ఏళ్లు!" అంది కూతురు. "నలభై ఏళ్లు బాబాయిమీద ఉమ్మేస్తుంటే చూస్తూ ఊరుకున్నావా? పిన్ని ముందు నేను ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? ఛీ! నిన్ను నాన్నా అని పిలవడానికే నోరు రావడం లేదు."

నాన్న పరదా వైపే చూస్తున్నాడు.

"వాడి పేరు కొట్టేయండి," అన్నాడు చివరికి. "నా పేరు పెట్టండి. వాడి ఇంటివాళ్లు తలెత్తుకు తిరగాలి. సంతకం ఎక్కడ?"

చరిత్రగారు ఒక కాగితం తోశారు. రెండో చేత్తో ఫోను తీశారు. "ప్రెస్సేనా? ఆగండి ఆగండి, రెండువందల పన్నెండు మెషీన్ ఎక్కించకండి. ఒక పేరు మారుతోంది."

నాన్న పెన్ను అందుకున్నాడు. అప్పుడు పరదా కదిలింది. అమ్మ వచ్చి బల్లమీది కార్డు చేతిలోకి తీసుకుంది. అద్దంమీది దుమ్ము అరచేత్తో తుడిచింది.

"వద్దు," అన్నాడు నాన్న. ఈసారి గొంతెత్తలేదు, బతిమాలాడు. "నీకు దండం పెడతాను, లోపలికి వెళ్లు."

అమ్మ ఆయన చేతిలోంచి పెన్ను తీసేసుకుంది.

"ఈ కార్డు పేర్చింది నేను," అంది.