పేదనేల పూలు

“ఆ సంచీ విప్పకండి!”

కొండ అంచున నిలబడ్డ పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరపు కాలిబాటకు కాపలా ఉండే టామ్సిన్ వగరుస్తూ వచ్చింది. సంచీలో ఏముందో ఆమెకు దూరం నుంచే అర్థమైంది. చితాభస్మాన్ని తప్ప మనుషులు దేన్నీ అలా పొదువుకోరు.

“మా ఆవిడ, లొవేనా,” అన్నాడాయన, పరిచయం చేస్తున్నట్టు. “పెళ్ళయినప్పట్నుంచీ నన్నీ దారెంటే తిప్పింది తల్లీ. ప్రతి పువ్వు పేరూ చెప్పేది. నాకొక్కటీ అబ్బలేదు. ‘మొద్దు పాస్కో’ అనేది.”

ఎర్రముక్కు కాకులు రెండు అరుచుకుంటూ కిందికి జారాయి.

“ఇక్కడ చల్లకూడదండీ. ఈ గులాబీరంగు పూలకు పేదనేలే కావాలి. బూడిద పడితే నేలకు బలం చేరుతుంది. కలుపు లేచి వీటిని మింగేస్తుంది.”

“గుప్పెడు బూడిదకేనా?”

టామ్సిన్ చెయ్యి చాపింది. పూల నడుమ మోకాలెత్తు దురదగొండి పొద. చుట్టూ ఒక్క పువ్వు లేదు.

“కొన్నేళ్ళ కిందట ఎవరో చల్లారు.”

“ఎవడా తలమాసినవాడు? పట్టుకోలేదా?”

“లేదు.”

“పోనీ, వేళ్ళతో సహా పెకలించి పారెయ్యరేం?”

ఆమె చూపు తిప్పుకుంది. “కింద సముద్రంలో కలపండి. ఎవరూ ఏమీ అనరు.”

“దానికి నీళ్ళంటే భయం.” నవ్వబోయాడు. కుదరలేదు. ఆ పొదకేసి చాలాసేపు చూశాడు. “బతికుండగా నన్నొక్క పువ్వు తెంపనివ్వలేదు. ఇప్పుడు తన చేత్తోనే వీటిని చంపిస్తే ఊరుకుంటుందా? పదవే, ఇంటికి పోదాం.”

సంచీని కోటు లోపల పెట్టుకుని గుండీలు బిగించాడు. వెనక్కి చూడకుండా వెళ్ళాడు. పిలుద్దామనుకుంది టామ్సిన్. ఏ ముఖంతో పిలుస్తుంది?

ఆయన మలుపు తిరిగాక పొద దగ్గర మోకరిల్లింది. గింజ పట్టకముందే కోసెయ్యాలి. చేతి తొడుగులు నడుముకే వేలాడుతున్నాయి. వాటిని ముట్టలేదు. కొన్నేళ్ళ కిందట బూడిద చల్లిన ఉత్త చేత్తోనే కాడ పట్టుకుంది. మంట మోచేతిదాకా పాకింది.

“ఇంక ఎదగకురా కన్నా, అమ్మ వల్ల కావట్లేదు,” అంటూ మెల్లగా విరిచింది.