ముందు బాగవనివ్వండి

ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ పొద్దున్నే మొరాయించాయి. స్విచ్ వేయగానే వెలుగుతాయి. చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. తెర నీలంగా మారుతుంది, ఆరిపోతుంది. మళ్లీ వాటంతటవే వెలుగుతాయి, మళ్లీ అదే తంతు. రక్తపరీక్ష మిషన్ తన పని తాను చేసి కూర్చుంది గానీ, ఆ ఫలితాలను కాగితం మీదికి తెచ్చే నాథుడు లేడు.

బెంచీల నిండా జనం. ఒకాయనైతే కౌంటర్ వదిలి కదలడం లేదు. మధ్యాహ్నం ఆయన భార్యకు ఆపరేషన్. రక్తం రిపోర్టు అందకపోతే ఆపరేషన్ వాయిదానే అని ఆసుపత్రివాళ్లు తేల్చి చెప్పేశారట.

ల్యాబ్ ఒక డాక్టరు గారిది, నడిపేది ఆయన భార్య. అక్కడి కంప్యూటర్ల మంచీచెడూ చూసేది ఆవిడ సొంత తమ్ముడు. ఏ చిన్న తేడా వచ్చినా క్షణాల్లో అతనికి ఫోన్ చేసే మనిషి, ఇవాళ మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకుంటుంది, పెట్టేస్తుంది. చివరికి కౌంటర్ దగ్గరున్నాయన మొహం చూడలేక చేసింది.

తమ్ముడు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలని కిందటి నెలే పక్క వీధిలోకి ఇల్లు మారాడు మరి! చొక్కా గుండీలు ఒకటి దాటి ఒకటి పెట్టుకున్నాడు.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావు? ఏమైంది?"

"నాకేం తెలుసురా? రాత్రి బాగానే ఉన్నాయి."

అబద్ధం. అబద్ధమని ఆవిడ గొంతే చెబుతోంది. చటుక్కున మొహం తిప్పేసుకుంది.

తమ్ముడు మొదటి కంప్యూటర్ ముందు చతికిలబడ్డాడు. పవర్ తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. చచ్చీచెడీ దాన్ని రిపేరు తెర దాకా లాక్కొచ్చాడు.

"రాత్రి అప్‌డేట్ దిగింది. అదే కొంప ముంచింది. దాన్ని వెనక్కి పీకెయ్యాలి."

అంతలో డాక్టరు గారి ఫోన్. ఆవిడ మందుల ఫ్రిజ్ ఉన్న గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"చెప్పావా?"

"లేదండీ. ముందు బాగవనివ్వండి."

"ముందే చెప్పమన్నానా, లేదా? ఆలస్యమయ్యే కొద్దీ నీకే కష్టం."

"వాడి మొహం చూస్తే నోరు రావట్లేదండీ."

"నీ ఇష్టం. తర్వాత నన్ననకు."

ఆవిడ బయటికొచ్చేసరికి ఒక కంప్యూటర్ లేచి కూర్చుంది. బెంచీల మీద జనంలోనూ కదలిక వచ్చింది. ఆవిడ స్వయంగా కాఫీ తెచ్చి తమ్ముడి చేతికిచ్చింది.

"ఇదేంటి, ఇవాళ ఇంత మర్యాద! రోజూ 'పోయి తాగిరారా' అంటావుగా?"

ఆవిడకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాట మార్చడానికి రిసెప్షన్ అమ్మాయిని కేకేసింది.

"ఎలా చేస్తున్నావో ఈ పిల్లకి కూడా చూపించరా. ఆ పాస్‌వర్డులూ అవీ కూడా చెప్పు."

"మంచి మాట! నేను లేనప్పుడు పనికొస్తుంది."

చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో, ఎక్కడ ఓపిక పట్టాలో, ఏది పొరపాటున కూడా ముట్టుకోకూడదో, అన్నీ. రెండో కంప్యూటర్‌ను ఆ అమ్మాయిచేతే బాగుచేయించి, "శభాష్" అని మెచ్చుకున్నాడు కూడా. చూస్తూ నిలబడిన అక్క ఇక పట్టలేకపోయింది.

"ఒరేయ్... ఆ అప్‌డేట్ నొక్కింది నేనేరా. నిన్న ఇంటికెళ్లబోతుంటే కంప్యూటర్ అడిగింది. వద్దు వద్దని నువ్వు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పావు. విసుగొచ్చి అన్నిట్లోనూ సరే కొట్టేశాను."

తమ్ముడు పగలబడి నవ్వాడు.

"ఓస్, ఇంతేనా! దీనికా పొద్దున్నుంచీ దొంగలా తిరుగుతున్నావు? నీ మొహం చూడగానే తెలిసిపోయిందిలే. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, నీ నోట్లో నువ్వుగింజ నానదు."

అక్క కూడా నవ్వబోయింది. రాలేదు. తప్పు ఒప్పుకుంటే మనసు తేలిక పడుతుందంటారే, ఆవిడకదీ పడలేదు. ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది.

ఆఖరిది అసలు తలనొప్పి. రక్తపరీక్ష మిషన్‌కు తగిలించిన కంప్యూటర్ అది. అప్‌డేట్ తీసేసినా మిషన్‌తో మాట కలపనంటుంది. తమ్ముడు బల్ల కింద దూరాడు, వైర్లు ఊడదీశాడు, తుమ్మాడు, తిట్టాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఎందుకైనా మంచిదని ఎప్పుడో దాచి ఉంచిన పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ప్రింటర్ గురగురలాడింది.

మొదటి రిపోర్టు కౌంటర్ దగ్గరున్నాయనదే. ఆయన కాగితం అందుకుని, తమ్ముడి రెండు చేతులూ పట్టుకుని ఊపేసి, ఆసుపత్రికి పరుగెత్తాడు.

"చూశావా అక్కా, ఇందుకే ఈ పనంటే నాకిష్టం," అన్నాడు తమ్ముడు, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ. "ఇంకేమైనా ఉంటే చెప్పు. లేదంటే ఇంటికెళ్లి స్నానం చేసొస్తా."

అక్క అతన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. తలుపేసింది. కళ్లు నేల మీంచి ఎత్తలేకపోయింది.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదురా; ఈ పని మీ బావ నిన్ననే వేరేవాళ్లకి ఇచ్చేశారు, నీకు పొద్దున్నే చెప్పెయ్యమన్నారు, నీచేత ఇవన్నీ బాగుచేయించుకునేదాకా నేనే ఆగాను."