వేలికొచ్చిన గండం

నాజిబ్రోలా కుడిచేతి బొటనవేలు భగ్గున మండుతోంది. మండదా మరి! పొద్దుటి నుంచి దాన్ని నిమ్మచెక్కతో రుద్దింది, బూడిదతో తోమింది, ఆఖరికి వెల్లుల్లి కారం కూడా పట్టించింది. ఓటేసేటప్పుడు పూసిన సిరా పోయిందో లేదో మాత్రం తెలిసి చావదు. అది మామూలు కంటికి కనిపించదు. నీలి దీపం కింద పెడితేనే మెరుస్తుంది.

వేలికి గుడ్డ చుట్టుకుని, ఎంగూరి నది మీది వంతెన దాటి, ఇవతలి కాపలా గది ముందు వరసలో నిలబడింది.

యుద్ధమప్పుడు ఊరు ఊరంతా నది అవతలికి పారిపోయింది. అప్పటి నుంచి నదికి ఇటొక సర్కారు, అటొక సర్కారు. కూతురు అక్కడే జుగ్దిది పట్నంలో ఉండిపోయింది. నాజిబ్రోలా మాత్రం తిరిగొచ్చి, కాలిన ఇంటికి కప్పు వేయించుకుని, ఒక ఆవును పెట్టుకుని బతుకుతోంది. మొన్న ఇవతల ఎన్నికలు పెట్టి, నీకు ఓటు లేదు పొమ్మన్నారు. అసలవి ఎన్నికలే కావన్నారు అవతలి వాళ్లు. ఇవాళ అవతల ఎన్నికలు. అక్కడ ఓటేసిన వాళ్ల దగ్గర వంతెన దాటే పాసు లాక్కుంటామన్నారు ఇవతలి వాళ్లు. ముసలమ్మకి ఒళ్లు మండింది. మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఓటుండొద్దా అనుకుని, వెళ్లి వేసేసింది.

తీరా వేశాక ఆవు గుర్తొచ్చింది. పాసు పోయి తను అవతలే చిక్కుబడితే దాని గతేం కాను? మహాతల్లి, ఇంకొకరిని పొదుగు ముట్టుకోనివ్వదు.

వరసలో చూస్తే అందరి వేళ్లకీ కట్లే. ముందున్న తమ ఊరి ముసలాయన ముర్తాజ్‌ను తేనెటీగ కుట్టిందట. అతని ముందావిడకి సంకటి గిన్నె అంటుకుని కాలిందట.

లోపల కాపలావాడు ఆస్తమూర్ బల్ల మీద నీలి దీపం పెట్టుకుని కూర్చున్నాడు. తల్లిని అవతలి ఆసుపత్రిలో చూపించి, ఇవాళ ఆలస్యంగా డ్యూటీకొచ్చాడు. అక్కడ వైద్యం ఉచితం కాబట్టి దాన్నెవరూ తప్పుపట్టరు. వచ్చేసరికి కరెంటు పోయింది. ఇక చేసేదేముంది, దీపం చేయాల్సిన పని నోటితోనే చేస్తున్నాడు. అవతల ఓటేయడం కన్నతల్లికి ద్రోహం చేయడమేనని అందరికీ గడ్డిపెట్టి మరీ పంపిస్తున్నాడు.

"ఏం తాతా, ఇవాళ మీ ఊరందరికీ ఒకే వేలికి గండముందా?" అన్నాడు ముర్తాజ్‌తో.

"ఏం చేస్తాం బాబూ, తేనెటీగకి ఆ వేలే నచ్చింది."

ముర్తాజ్ బయటపడ్డాడు. నాజిబ్రోలా గదిలో అడుగుపెట్టింది. సరిగ్గా అప్పుడే నెత్తిమీది బల్బు వెలిగింది. కిటికీలోంచి చూస్తే, ముర్తాజ్ వెనక్కి కూడా తిరగకుండా పరుగు లంకించుకున్నాడు.

"గుడ్డ విప్పు మామ్మా," అన్నాడు ఆస్తమూర్.

"గుమ్మడికాయ కోస్తుంటే తెగింది నాయనా. చూస్తే నీకు కళ్లు తిరుగుతాయి."

"తిరిగితే పడిపోతాలే. విప్పు."

విప్పింది. గాయం లేదు, కారం ఘాటు మాత్రం గుప్పుమంది. ఆస్తమూర్ వరసగా తుమ్మాడు.

"తెగిన వేలికి ఎవరైనా కారం పెట్టుకుంటారా?"

"మా ఇంటి వైద్యం అంతే బాబూ."

అతను నవ్వలేదు. తలుపు మూసి, బల్బు ఆర్పి, కిటికీకి దుప్పటి కప్పాడు. ఈ దీపం ముందు ఎవడి ద్రోహమైనా బయటపడాల్సిందేనని చీకట్లో మరోసారి ఉపన్యాసం దంచాడు. నాజిబ్రోలాకి ఏడుపొచ్చేసింది. పాసు తీసుకోవద్దని, ఆవు పొద్దుటి నుంచి అరుస్తుంటుందని బతిమాలింది. చెయ్యి మాత్రం వెనక్కి లాక్కుంది, దీపం కింద పెట్టనే పెట్టదు.

ఆస్తమూర్‌కి విసుగొచ్చింది. ఎడమచేత్తో దీపం అందుకుని, కుడిచేత్తో ఆమె బొటనవేలు గట్టిగా పట్టుకుని మీట నొక్కాడు.

నీలి వెలుగులో రెండు బొటనవేళ్లు పక్కపక్కనే తళతళా మెరిశాయి.